చెయ్యెత్తేదాకా

సందు లేకుండా అతికించి వాయించే మొదటి మూడు పాటలూ అయిపోయాయి. అయిపోవాల్సిన చోట ప్రవీణ్ గిటారు ఆగింది, నీహారిక గొంతు ఆగింది, డ్రమ్ము మాత్రం ఆగలేదు. బారు చివర ఎత్తు కుర్చీలో, పట్టీ కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వెంకటరమణ ఉలిక్కిపడి తలెత్తాడు. ఆగాలి కదా ఇక్కడ, చివరి దెబ్బ ఇత్తడి సింబల్ మీద పడాలి, ఆ మోత అణిగేలోపు నీహారిక జనానికి థాంక్యూ చెప్పి సీసా ఎత్తి నాలుగు గుక్కల నీళ్ళు తాగాలి, ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఏదో ఒక క్లబ్బులో ఇదే వరస, ఆ వరస వేసినవాడు తనే, ఆ స్టూలు మీద కూర్చుని, ఈ చేత్తో. ఇప్పుడు ఆ స్టూలు మీద రాములున్నాడు. యాభై మూడేళ్ళ రాములు, పగలంతా బాలానగర్‌లో లేతు మిషను దగ్గర నిలబడి ఇనుప కడ్డీలు చెక్కే రాములు, పెళ్ళిళ్ళ రోజుల్లో బ్యాండు మేళంలో చేరి మెడకు డ్రమ్ము తగిలించుకుని ఊరేగింపు ముందు నడిచే రాములు. వేసుకోమంటారేమోనని మేళం ఎర్రకోటు సంచిలో పెట్టుకుని వచ్చాడు; అక్కర్లేదన్నాక ఆ సంచిని మడిచి చెప్పుల పక్కన జాగ్రత్తగా పెట్టాడు. చెప్పులు విడవకుండా ఆయన డ్రమ్ము ముట్టుకోడు. ఐదో అంతస్తులో, అద్దాల గోడ అవతల హైటెక్ సిటీ ఆఫీసులన్నీ లైట్లేసుకుని నిలబడి ఉండగా, వట్టి పాదంతో పెడల్ తొక్కుతూ, పాట అయిపోయిందన్న సంగతితో తనకేం పని లేనట్టు వాయిస్తూనే ఉన్నాడు. ఏమైంది ఈయనకి, మర్చిపోయాడా, బెదిరిపోయాడా, అని వెంకటరమణ కంగారుపడుతుండగానే లోపల్నుంచి ఇంకో గొంతు, అంత మంచిది కాని గొంతు, మర్చిపోతే నీకు మంచిదేగా అంది.

ఎందుకు మంచిదో ఒక్క వెంకటరమణకే తెలుసు. మూడు నెలల కిందట వానలో ఖాజాగూడ చెరువు దగ్గర మలుపులో బైకు జారి మణికట్టు విరిగింది. ఇంకో రెండు నెలల్లో వచ్చేస్తానని బ్యాండు వాళ్ళతో అన్నాడు, ఆ మాట పట్టుకుని వాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మొన్న గురువారం డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, పిడికిలి పూర్తిగా బిగుసుకోదండి, ఇంతే, అన్నాడు. టైపింగ్‌కి ఇబ్బంది లేదు, కారు నడపొచ్చు, కలుపుకుని తినొచ్చు. డ్రమ్స్ వాయిస్తానండి అన్నాడు వెంకటరమణ. ప్రొఫెషనల్‌గానా అని అడిగాడు డాక్టరు. ఏం చెప్పాలి? నలభై ఒకటో ఏట, పగలు పద్దెనిమిది మంది టీముకు లీడుగా ఉండి కాల్స్ మీద కాల్స్ మాట్లాడే మనిషి, వారం మొత్తంలో తను తనలాగా ఉండేది ఆ శనివారం రెండు గంటలేనని ఆస్పత్రి బల్ల ముందు కూర్చుని ఎలా చెప్పాలి? కాదండి, ఊరికే సరదాకి, అన్నాడు. అయితే ఫరవాలేదు అన్నాడు డాక్టరు, నిజంగానే ఊరట పడుతున్నట్టు. ఆ ఫరవాలేదు అన్న మాట ఆ రోజు నుంచి గొంతులో చేపముల్లులా ఉంది. భార్య సంధ్యకు కూడా చెప్పలేదు. చెప్తే నిజమైపోతుంది. చెప్పకపోతే ఆ స్టూలు ఇంకా తనదే, రాములు రెండు నెలల కోసం వచ్చిన మనిషి, అంతే. రాములు ఇవాళ తప్పు చేస్తే అంతకంటే తక్కువ కోసం వచ్చిన మనిషి.

తప్పు చేస్తున్నాడా అసలు? విను, విను రమణా, చెవులు పెట్టి విను. పాట అయిపోయిన చోటునుంచి చిన్న డ్రమ్ము మీద మెల్లగా ఏదో అల్లుతున్నాడు, చేతులు దాదాపు కదలడం లేదు, మణికట్లు మాత్రమే. ఆ మణికట్లు. మొదటిసారి ఆ మణికట్లను చూసింది తన చెయ్యి విరగకముందు, నిజాంపేట రోడ్డులో. ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే ముందు బరాత్, హారన్లు కొట్టి కొట్టి జనం విసిగిపోయి ఫోన్లు తీసుకున్నారు, తనూ పెళ్ళివాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకుని ఏసీ చాలక అద్దం దించాడు. అంతే. తీన్‌మార్ దెబ్బ. పుట్టి పెరిగింది ప్రొద్దుటూరైనా హైదరాబాదులో పదిహేడేళ్ళుగా వింటున్న దెబ్బే, ఎవడైనా కొట్టే దెబ్బే, కానీ ఈ కొట్టేవాడెవడో మూడో దెబ్బకీ తర్వాతి మొదటి దెబ్బకీ మధ్య కొంచెం చోటు వదుల్తున్నాడు. మరీ కొంచెం. ఆ చోట్లో మనిషి పడిపోతాడేమో అనిపించేలోపు పట్టుకుంటున్నాడు. ప్రతిసారీ పట్టుకుంటున్నాడు. కారు పక్కకు తీసి, టక్కు చేసిన చొక్కాతో, మెళ్ళో ఐడీ కార్డుతో ముక్కూ మొహం తెలియని పెళ్ళిలో ఊరేగింపు వెనక మూడు వీధులు నడిచాడు వెంకటరమణ. పెళ్ళికొడుకు తరఫువాళ్ళెవరో లడ్డు కూడా పెట్టారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి తన ప్రాక్టీసు ప్యాడ్ మీద ఆ కొంచెం చోటు కోసం ఒంటిగంట దాకా వెతికాడు, దొరకలేదు. ఎక్కువ వదిలితే తాళం తప్పుతుంది, తక్కువ వదిలితే వట్టి లెక్క. తను లెక్క తప్పని డ్రమ్మరు. ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ తప్పకపోవడమే గొప్ప అనుకుంటూ వచ్చాడు, పాపం. చెయ్యి విరిగాక తన బదులు ఎవరని నీహారిక అడిగితే, ఆ మేళాన్ని వెతికి పట్టుకుని రాముల్ని తెచ్చింది తనే.

స్టేజీ మీద నీహారిక వెనక్కి తిరిగి రాముల్ని చూసింది, తర్వాత చీకట్లో వెంకటరమణ కోసం చూసింది. బ్యాండు ఆమెది, ఎక్కడ వాయించాలో ఎవరు వాయించాలో తేల్చేది ఆమే, మాట తప్పిన వాళ్ళని రెండోసారి పిలవదు. భుజాలెగరేసింది. ప్రవీణ్ ఇక చేసేదేం లేక నాలుగో పాట మొదటి తీగ ఆ దెబ్బ మీదే మీటాడు. పడింది. పక్కాగా పడింది. నాలుగో పాట రోజూ కంటే కొంచెం నిదానంగా నడుస్తోంది, కానీ ఎంత ఒడుపుగా నడుస్తోంది, ఎవరో చెయ్యిపట్టి మెట్లు దించుతున్నట్టు. రాములు తల వంచుకుని ఉన్నాడు. కింద చూస్తున్నాడు. వెంకటరమణకు ఆయన చూపు ఎటు పోతోందో తెలుసు. రిహార్సల్‌లో మొదటిరోజే చెవిలో తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ ఇస్తే రాములు రెండు నిమిషాలు ఓర్చుకుని తీసేశాడు. "చెవుల ఈ టిక్కు టిక్కు పురుగేంది సార్, గోకుతున్నది" అన్నాడు. మరి వేగం ఎట్లా తెలుస్తుందన్నా అని అడిగితే, "కాళ్ళు జూస్త. బరాత్‌ల అందరికన్న ఎనక నడిచేటోళ్ళుంటరు జూడు, ముసలమ్మలు, చంకల పిల్లలున్నోళ్ళు, గా కాళ్ళు జూస్త. ముంగట ఎగిరేటోళ్ళకు డ్రమ్ము లేకున్నా నడుస్తది సార్. ఎనకటోళ్ళు ఎనకబడొద్దు" అన్నాడు. మామూలుగానే చెప్పాడు, టీ ఊదుకుంటూ. పదిహేడేళ్ళ ఉద్యోగంలో నాయకత్వం గురించి ఎన్ని ట్రైనింగులకు పోయాడో, ఒక్కడూ ఈ మాట చెప్పలేదు.

ఇప్పుడు వెనకవాళ్ళెవరు? వెంకటరమణ వెతికాడు. కుడిపక్క గోడకు ఆనుకుని ఒక లావుపాటి కుర్రాడు, ల్యాప్‌టాప్ బ్యాగు ఇంకా భుజానే ఉంది, టీమువాళ్ళు లాక్కొచ్చినట్టున్నారు, అందరూ ఆడుతుంటే బ్యాగులు కాపలా కాసే రకం. అతని మడమ లేస్తోంది. లేచి, ఎవరైనా చూశారేమోనని ఆగి, మళ్ళీ లేస్తోంది. రాములు ఆ మడమ కోసమే వాయిస్తున్నాడని ఈ గదిలో ఇంకెవరికి తెలుసు? తొందర పెట్టడం లేదు, వదలడం లేదు. అతను ఒకసారి కాలు తప్పితే డ్రమ్ము కూడా ఆ తప్పిన కాలి కోసం ఒక పిసరు ఆగింది. ఆ కుర్రాడు బ్యాగు తీసి బల్లకింద పెట్టాడు. పెట్టి, మెడమీద చెమట తుడుచుకుని, జనంలోకి నడిచాడు. అయ్యబాబోయ్. వెంకటరమణ కుర్చీలో ముందుకు జరిగాడు. మూడేళ్ళుగా ఇదే క్లబ్బులో వాయిస్తూ తను ఒక్క మనిషి చేత బ్యాగు కింద పెట్టించాడా? తన కళ్ళు ఎప్పుడైనా కింద కాళ్ళదాకా పోయాయా? తన చేతులు, తన పుల్లలు, తన తాళం, అంతే చూసుకున్నాడు. ఐదో పాట. మళ్ళీ సందు లేదు. వంటింటి తలుపు దగ్గర ఖాళీ గ్లాసుల ట్రే పట్టుకున్న హౌస్‌కీపింగ్ అమ్మాయి, జ్యోతి అని జేబు మీద పేరు, తలుపును నడుముతో ఆపి అలాగే నిలబడిపోయింది. ఎవరూ చూడటం లేదనుకుని మోకాళ్ళు రెండూ కొంచెం కొంచెం వంచుతోంది, గ్లాసులు ఒకదానికొకటి తగిలి ఆ చప్పుడు కూడా దెబ్బలో కలిసిపోయింది. ఆమెకు ఈ దెబ్బ కొత్త కాదు. ఇది పాలమూరులోనో మెదక్‌లోనో వాళ్ళ వీధిలోంచి వచ్చిన దెబ్బే, మారువేషం వేసుకుని ఇంగ్లీషు పాట కింద కూర్చుంది. ఆమె గుర్తుపట్టింది. నవ్వుతోంది.

"రమణగారూ, ఏంటండీ ఇదీ!" చెవిలో అరుపు. క్లబ్బు మేనేజరు ప్రశాంత్, బెజవాడ మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ నలగదు, ఇప్పుడు కాలరు తడిసింది. "గ్యాప్ ఇవ్వట్లేదేంటండీ మీవాడు? మూడో పాట తర్వాత కేకు కట్టింగుందండి, ఆ కంపెనీవాళ్ళు కత్తి పట్టుకుని నిలబడ్డారండి పావుగంట నుంచీ. టేబుళ్ళ దగ్గర ఒక్కరు లేరు, అందరూ ఎగురుతుంటే ఆర్డర్లు ఎవరిస్తారండీ? ఎలాగోలా ఆపండి బాబూ."

"ఒక్క నిమిషం ఉండు సామీ" అన్నాడు వెంకటరమణ. ప్రశాంత్ తల పట్టుకుని కేకు వైపు పరుగెత్తాడు. ఎలాగోలా ఆపండి అట, తనెలా ఆపుతాడు, తన చేతిలో ఏముంది, అనుకుంటూ స్టేజీ వైపు చూసేసరికి రాములు తలెత్తి ఉన్నాడు. డ్రమ్ముల మీదుగా, ఎగిరే తలల సందుల్లోంచి, స్టేజీకి ఎదురుగా నడిమధ్య ఒక చోటు వైపు చూస్తున్నాడు. అక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు. మళ్ళీ తల వంచాడు, నాలుగు దెబ్బలు వేసి మళ్ళీ అక్కడికే చూశాడు. అప్పుడు, మెట్టు లేనిచోట కాలు పెట్టినట్టు, వెంకటరమణకు అర్థమైంది. ఆ చోటు తనది. ఖాజాగూడలో అద్దె గదిలో మూడు సాయంత్రాలు రిహార్సల్ చేసినప్పుడు తను సరిగ్గా డ్రమ్ముల ఎదురుగా, బోర్లించిన రంగు బక్కెట్టు మీద కూర్చున్నాడు. ఆపాల్సిన ప్రతి పాట చివరా ఎడమచెయ్యి ఎత్తాడు, ఇక్కడ ఆగాలి అని. అది పాఠం చెప్పడం అనుకున్నాడు తను. మొదటి సాయంత్రం రాములు అడగనే అడిగాడు కదా, పుల్లలు రెండూ ఒక చేత్తో పట్టుకుని: "సార్, ఆపుమని చెయ్యెత్తేది ఎవరు?" అదేంటన్నా అంటే చెప్పాడు కూడా. "బరాత్‌ల మేళం మాట్లాడినాయన ఒక్కడే ఉంటడు. ఇంటి ముంగటికి వచ్చినంక ఆయన చెయ్యెత్తుతడు, అప్పుడే ఆపాలె. పాటలు మారినా డ్రమ్ము ఆగొద్దు. తొవ్వల ఆపితే పెండ్లికి మంచిది కాదు. ఎవరు పడితే వాళ్ళు ఆపుమంటరు సార్, తాగినోళ్ళు, పోలీసోళ్ళు, ఆపం. నువ్వు చెప్పు, ఎవరిని జూడాలె?" ఆ రోజు ఫిజియోథెరపీకి టైమవుతోంది, వాట్సప్‌లో ఆఫీసు మెసేజీలు, సగం విని, నేనే ఎత్తుతాలే రాములన్నా, అన్నాడు. అని, ఇవాళొచ్చి ఈ చీకట్లో, ఈ మూల, ఎవరికీ కనపడని కుర్చీ వెతుక్కుని మరీ కూర్చున్నాడు. తన స్టూలు మీద ఇంకొకరు కూర్చోవడం ఎదురుగా చూడలేక.

అంటే తప్పు రాములుది కాదు. ఆయన మొండికెయ్యలేదు, మర్చిపోలేదు, మాటిచ్చిన మనిషి కోసం చూస్తున్నాడు. ఇది తెలిసిన మనిషి ఈ భవనం మొత్తంలో ఒక్కడే, ఆ ఒక్కడి చెయ్యి ఒళ్ళోనే ఉంది. వెంకటరమణ ఆ చెయ్యి వైపు చూసుకున్నాడు. ఎత్తకపోతే? ఊరికే ఇలాగే కూర్చుంటే? నీహారిక మొహం ఎర్రబడుతోంది, ఆరో పాట నీళ్ళు లేని గొంతుతో పాడుతోంది, ఇంకో పాటకు ఆమె ఓపిక అయిపోతుంది. కేకువాళ్ళు గొడవ చేస్తారు. ఎవరో ప్లగ్గు పీకుతారు. మేళంవాడు మేళంవాడే, క్లబ్బులకు పనికిరాడు అంటారు. ప్రవీణ్ ఫోన్ చేసి, ఏం ఫికర్ లేదు రమణా, నువ్వొచ్చేదాకా ఆగుతాం అంటాడు. ఆగుతారు. స్టూలు ఖాళీగా, తన ఎత్తులో, తన కోసం ఆగుతుంది. ఎన్నాళ్ళు? పిడికిలి బిగుసుకోని చేతికి ఎన్నాళ్ళ గడువైతేనేం? అయినా ఆగడమే హాయి, ఆగినంతకాలం తను డ్రమ్మరే. ఎంత చవకగా దొరుకుతోంది, ఏమీ చెయ్యక్కర్లేదు, చెయ్యెత్తకుండా ఉంటే చాలు. ఛీ, అనుకున్నాడు వెంటనే. ఇంత నీచంగా కూడా ఆలోచించగలనా నేను, అనుకున్నాడు. అనుకుని కూడా కొన్ని క్షణాలు కుర్చీలోంచి లేవలేదు, అది తర్వాత చాలా రోజులు తనను తాను క్షమించుకోలేకపోయిన సంగతి.

లేపింది ఆ స్టూలే. రాములు పొట్టి. స్టూలు వెంకటరమణ ఎత్తుకు బిగించి ఉంది, కడ్డీ మీద తెల్ల పెయింటుతో తను పెట్టుకున్న గుర్తు దగ్గర. మొదటిరోజే దించుకో అన్నా అంటే రాములు ఒప్పుకోలేదు, "రెండు నెల్లకు మళ్ళ మీరే కూసుంటరు గద సార్, మీ సీటు ఎందుకు కదుపుడు" అన్నాడు. అప్పట్నుంచీ స్టూలు అంచున కూర్చుని, కాలి మునివేళ్ళతో పెడల్ అందుకుంటూ వాయిస్తున్నాడు. మునివేళ్ళతో! అరగంట నుంచి ఈ గదినంతా ఎగరేస్తున్న దెబ్బ ఆనని పాదంతో కొడుతున్న దెబ్బ. లైటు తిరిగి పాదం మీద పడింది. పిక్క వణుకుతోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పొద్దున ఆరింటి నుంచి లేతు దగ్గర నిలబడిన కాళ్ళవి. నొప్పి ఎంతో వెంకటరమణకు తెలుసు, ఆ పిక్క ఎక్కడ పట్టేస్తుందో తెలుసు, డ్రమ్ము వాయించిన ప్రతివాడికీ తెలుసు. అయినా ఆ కొంచెం చోటు, మూడో దెబ్బ తర్వాత చోటు, ఎక్కడా పాడుకాలేదు. ఒంట్లో ఒక్కొక్కటీ అరిగిపోతున్నా దాన్ని మాత్రం కాపాడుకొస్తున్నాడు, తొవ్వలో ఆపకూడదు కాబట్టి, నేనే ఎత్తుతాను అని ఎవడో అన్నాడు కాబట్టి. ఇంత పెద్ద మనిషిని అక్కడ కష్టపెట్టి నేను ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నాను? వెంకటరమణ కుర్చీ దిగాడు.

బారు నుంచి స్టేజీ ముందుకు ముప్పై అడుగులుంటుంది. జనం, మోచేతులు, చెమట, సెంటు వాసన, ఎవరిదో గ్లాసు చొక్కా మీద ఒలికింది. కుడిచేతిని గుండెకు హత్తుకుని పక్కకు పక్కకు తిరుగుతూ నడుస్తున్నాడు, గుంపు మధ్యలోకి వచ్చాక రాములు కళ్ళు తన మీద పడ్డాయి. పడి, మెల్లగా కిందికి దిగాయి. తన కాళ్ళ మీదికి. అప్పుడు డ్రమ్ము కొంచెం నిదానించింది. ఇంకొంచెం. వెంకటరమణ ఎడమ కాలు వేస్తే దెబ్బ పడింది, కుడి కాలు వేస్తే దెబ్బ పడింది, ఎవరో అడ్డొచ్చి ఆగితే చిన్న డ్రమ్ము మీద మెత్తగా దొర్లుతూ తన కోసం ఆగింది, మళ్ళీ కాలు కదిపితే మళ్ళీ కదిలింది. ఈ రాత్రి అందరికంటే వెనకపడినవాడు తనే. రాములు తన కాళ్ళనే చూస్తున్నాడు. బరువుగా, భయంగా, వస్తున్నానని కూడా సరిగా చెప్పలేని కాళ్ళని, తొందరపెట్టకుండా, వదలకుండా, ఇంటిదాకా తీసుకొస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి వెంకటరమణకు. తిరిగితే తిరగనీ అనుకున్నాడు. చుట్టూ ఎగురుతున్న కుర్రాళ్ళకు ఏం తెలియకపోయినా దారి విచ్చుకుంది, వాళ్ళ కాళ్ళు కూడా అదే నిదానంలో పడుతున్నాయి, ఒక పది నిమిషాల కిందట ఎవరికి వాళ్ళుగా గంతులేసిన వాళ్ళంతా ఇప్పుడు ఒకే ఊరేగింపు. ఎదురుగా చేరాడు. ఇప్పుడెత్తాలి, కానీ ఎక్కడపడితే అక్కడ ఎత్తకూడదు, అదీ తనకు తెలుసు, ఇన్నేళ్ళ వాయింపులో ఇంకేం తెలిసినా తెలియకపోయినా ఎక్కడ ముగిస్తే బాగుంటుందో తెలుసు. నీహారిక చరణం ముగించింది. ఒకటి. రాములు కళ్ళు తన మీదే ఉన్నాయి. రెండు. ఎడమచెయ్యి అలవాటుగా లేవబోయింది, దాన్ని దించాడు. మూడు. ఆ కొంచెం చోటు రాగానే, సరిగ్గా అందులో, కుడిచెయ్యి ఎత్తాడు. పట్టీ కట్టిన చెయ్యి, పిడికిలి ముడుచుకోని చెయ్యి, ఐదు వేళ్ళూ తెరుచుకుని, అందరికీ కనపడేలాగా.

ఆగింది. అంతా ఒక్కసారిగా ఆగింది. వంటింటి తలుపు దగ్గర ఒక గ్లాసు ఇంకోదానికి తగిలిన చప్పుడు వినపడేంతగా ఆగింది. ఆ తర్వాత లేచిన అరుపులకు అద్దాల గోడ అదిరిందంటే నమ్మాలి. ప్రశాంత్ కత్తి పట్టుకున్న వాళ్ళ పక్కన నిలబడి కేకు సంగతి మర్చిపోయి తనే ఈలేశాడు. రాములు పుల్లలు ఒళ్ళో పెట్టుకుని, భుజంతో చెంప తుడుచుకుని, రొప్పుతూ అడిగాడు.

"వచ్చినమా సార్?"

"వచ్చినాం రాములన్నా" అన్నాడు వెంకటరమణ.

నీహారిక సీసాడు నీళ్ళూ తాగేసి, ఇంకా ఊపిరి అందక, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక అటు రాముల్నీ ఇటు రమణనీ చూసింది. "రమణా, ముందే చెప్పాలి కదా ఇలా గ్యాప్ లేకుండా వస్తుందని! చచ్చిపోయాను పాడలేక. కానీ ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ పాడలేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, నొప్పించకుండా చెప్పాలని మాటలు వెతుక్కుంటూ, "నువ్వొచ్చేదాకా ప్రతి శనివారం ఈయన్నే పిలుద్దామా?" అంది. నువ్వొచ్చేదాకా. అవును అంటే సరిపోతుంది. అది కూడా చాలా చవకే. వెంకటరమణ స్టేజీ ఎక్కి డ్రమ్ముల వెనక్కి వెళ్ళాడు. ఒకసారి లే అన్నా, అన్నాడు. రాములు లేచాడు, సీటు ఖాళీ చెయ్యమంటున్నారనుకుని చెప్పుల కోసం, ఎర్రకోటు సంచి కోసం కూడా వంగబోయాడు. వెంకటరమణ మోకాళ్ళ మీద కూర్చుని ఎడమచేత్తో స్టూలు మరను వదులు చేశాడు. ఆరేళ్ళుగా కదలనిది, మొదట రాలేదు. తర్వాత వచ్చింది.

"ఏం జేస్తున్నరు సార్? రెండు నెల్లకు మళ్ళ మీకు..."

"నాకు అక్కర్లేదన్నా. ఈ చెయ్యి ఇంతే. డాక్టరు చెప్పేసినాడు." ఎంత పెద్ద మాట, ఎంత తేలిగ్గా వచ్చేసింది. నీహారిక నోటికి చెయ్యి అడ్డుపెట్టుకోవడం పక్కనుంచి కనపడింది. తెల్ల పెయింటు గుర్తు మరలోకి దిగి మాయమైపోయింది, ఇంకో నాలుగు చుట్లు తిప్పి బిగించాడు. "కూర్చో. కాలు పూర్తిగా ఆనుతోందేమో చూడు."

రాములు కూర్చున్నాడు. వట్టి పాదం మడమ దగ్గర్నుంచి వేళ్ళదాకా పెడల్ మీద ఆనింది. ఒక్క దెబ్బ కొట్టి చూశాడు, బరువుగా, నిండుగా మోగింది, మాట్లాడుకుంటున్న వాళ్ళు తలలు తిప్పారు. ఆయన వెంకటరమణ కుడిచేతి వైపు చూశాడు.

"సరే సార్" అన్నాడు. "కొట్టుడు నేను కొడత. కానీ ఆపుమని చెయ్యెత్తేది మాత్రం మీరే. వేరేటోళ్ళు ఎత్తితే నేను ఆప."

కేకు కోశారు, చప్పట్లు కొట్టారు, ప్రశాంత్ ఆర్డర్లు రాయించుకున్నాడు. రెండో విడత మొదలయ్యేటప్పటికి వెంకటరమణ బారు చివరికి పోలేదు. స్పీకర్ల ఖాళీ పెట్టె ఒకటి తెచ్చుకుని డ్రమ్ములకు సరిగ్గా ఎదురుగా, వెలుతుర్లో వేసుకుని కూర్చున్నాడు.